అంబుజమ్మకు వచ్చిన వంతు

లాస్‌పేట,
సోమవారం.

ప్రియమైన సుష్మితక్కకు,

ఈ ఉత్తరం చదివేందుకు నువ్వు ఖర్చుపెట్టబోయే పది నిమిషాలకు, ఈలోగా స్టవ్ మీద పొంగిపోబోయే పాలకు, యానాం పట్టణ ప్రశాంతతకు కలగబోయే భంగానికి నేను మోకాళ్ళ మీద నిలబడి ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. నిజానికి మంచం మీద పడుకుని రాస్తున్నాను. ఫోనులో చెబితే మధ్యలో తిడతావని ఉత్తరం.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. పేదవాళ్ళకు కష్టం రాకముందే దాన్ని గురించి చెప్పి భయపెట్టడం. తట్టాంచావడిలో డబ్బా మూతలు తయారుచేసే ఒక షెడ్డులో పందొమ్మిది మంది ఆడవాళ్ళకు శనివారాలు బీమా పాఠం చెబుతున్నాను. తరతరాలుగా ఇక్కడే, పుదుచ్చేరిలోనే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు చదవడం మాత్రం రాదు, రాతకోతలన్నీ తమిళంలోనే. అందుకని తెలుగు కరపత్రాలు పక్కన పడేసి, "మీరు నెలనెలా వేసుకునే సీట్టు లాంటిదేనమ్మా ఇది" అన్నాను. చీటీకి ఇక్కడ పేరు అది. "అందరూ తలా కాస్త వేస్తారు, ఒకరు తీసుకుంటారు." అందరి ముఖాలూ వెలిగిపోయాయి. పందొమ్మిది ఫారాలూ నిండాయి. మా ఆఫీసరు అనంతరామన్ గారు నా భుజం తట్టారు.

ఇవాళ పొద్దున కాగితాలు ఇవ్వడానికి వెళ్తే, వాళ్ళలో పెద్దావిడ మీనాంబాళ్ గుమ్మంలోనే ఆపింది.

"సీట్టు ఎత్తేసినాము సారూ. ఈ ఏడు అంబుజానికి వచ్చింది."

"ఏం వచ్చింది?"

"ఏంది అట్లడగతావు? ప్రమాదం!"

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. చీట్ల మీద పేర్లు రాసి, మూతల డబ్బాలో వేసి కుదిపి, ఒకటి తీశారట. ప్రెస్సు మిషను మీద పనిచేసే అంబుజమ్మ చాలా మర్యాదగా అడిగింది. "ఏమి పోగొట్టుకోవల్ల సారూ? ఒక వేలు చాలునా? మా పాప కీర్తికకు నర్సింగు ఫీజు శుక్రవారంలోగా కట్టల్ల."

ప్రమాదానికి వంతులుండవని గంటసేపు చెప్పాను. అంతా విని, "ఏమీ కాకపోతే వేసిన దుడ్డు ఎవురికీ రాదా? మరి సీట్టంటివే?" అంది. రాకపోవడమే లాభం అన్నాను. నా మాట నాకే అర్థం కాలేదు. ఆవిడ తలూపి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇది వేళాకోళమా, నిజమా? నిజమైతే ఆ చెయ్యి ఏమవుతుంది? అనంతరామన్ గారిని అడిగితే "ఫారాలు నిండాయి కదా" అన్నారు. శుక్రవారం ఎంతో దూరంలో లేదు. ఏం చెయ్యను?

నీ తమ్ముడు,
ఏమీ తోచని ఆకాష్.


లాస్‌పేట,
శనివారం.

అక్కా,

ముందు నీ భయం తీరుస్తాను. ఎవరి వేలూ పోలేదు.

నిన్న ఎనిమిదింటికే వెళ్ళి అంబుజమ్మ ప్రెస్సు పక్కన నిలబడ్డాను. ఆవిడ రేకు పెట్టిన ప్రతిసారీ నాకు ఊపిరి ఆగేది. పదకొండింటికి మీనాంబాళ్ కేక వేసింది: "సారుకు టీ ఇయ్యండప్పా, పాపం, కళ్ళు తిరిగి పడేటట్టుండాడు!" షెడ్డంతా నవ్వింది. అంబుజమ్మ మిషను ఆపింది.

"నిన్ను ఏడిపించేదానికే సీట్టు ఎత్తింది సారూ. మాకామాత్రం తెలీదా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నా పేరు వచ్చినాక మాత్రం మూడు దినాలు దాన్నే తలుచుకుంటి" అంది.

"కావాలని చేసుకుంటే పైసా రాదమ్మా. వేలికైతే అసలే రాదు. చెయ్యో కాలో పోతేనే వస్తుంది."

"ఆ మాట ఆ దినమే ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. రెండు వేళ్ళు సగానికి లేవు. ఆరేళ్ళ కిందట ఇంకో షెడ్డులో పోయాయట. "దీనికి వచ్చింది నాలుగు దినాల లీవు. అది గూడా జీతం పట్టుకొని."

కీర్తిక ఫీజు కట్టేశారు. అసలు సీట్టులో ఈ నెల వంతు మీనాంబాళ్‌ది. ఇంటి కప్పుకు రేకులు వేయిద్దామనుకున్న ఆ డబ్బును గురువారం తెచ్చి అంబుజమ్మ చేతిలో పెట్టిందట. "నా ఇంటి రేకులు యాడికీ పోవు, నీ తూరి వచ్చినప్పుడు నాకిద్దువులే" అందట.

వాళ్ళు నన్నే ఎందుకు ఏడిపించాలనుకున్నారో నీకు చెప్పాలి. ఫారాలు నింపిన రోజు, నీకు రాయలేదు కానీ, మొదట అందరూ ఆవలిస్తున్నారు. నేను బోర్డు మీద పెద్ద చెయ్యి గీసి, వేళ్ళకు వేలంపాట పెట్టాను. బొటనవేలు యాభై వేలు, చూపుడువేలు ముప్పై, చిటికెనవేలు కొసరు. ధరలన్నీ నేను కల్పించినవే. షెడ్డు ఘొల్లుమంది. అంబుజమ్మ ఒక్కతే చెయ్యి కొంగు కిందికి లాక్కుంది.

ఆ చెయ్యి నేను నిన్ననే మొదటిసారి చూసినట్టు రాశాను కదూ. కాదక్కా. మొదటి శనివారం హాజరు కాగితం మీద సంతకం పెడుతూ, అది ఎగరకుండా ఆవిడ ఆ చేత్తోనే అదిమిపట్టింది. నేను చూశాను. చూసి కూడా, నవ్వుతారు కదా అని గీశాను.

ఆకాష్