పక్క నుంచి దిగే మంచం

అమ్మా, ఆ మంచం ఇంకెక్కడా పట్టదని నేనంటే నువ్వెందుకు నమ్మావు? నన్ను ఈ గదిలోనే పెంచావు. ఏ మూల ఎంత వెడల్పో నాకంటే నీకే బాగా తెలుసు. అయినా నా చేతిలో కొలత టేపు చూసి నోరు మూసుకున్నావు. ఎందుకమ్మా?

జవాబు నువ్వు రాయక్కర్లేదు, నేనే రాస్తాను. ముందు క్షేమాలు చెప్పుకోవాలి కదా. ప్రభువు దయవల్ల ఇక్కడ సుక్-మన్, పిల్ల, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. కోంగ్మూన్‌లో నువ్వూ పిన్నీ బాబాయీ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను.

హోయి-చింగ్ దగ్గు సంగతి అడిగావు. తగ్గింది. నువ్వు చెప్పినట్టే సుక్-మన్ బేరిపండు ఉడికించి తాగించింది. నీ మనవరాలు ముక్కు మూసుకుని తాగి, నానమ్మ చేసినట్టు లేదంది. అటక మెట్ల కింది సొరుగు ఇంకా పట్టేస్తోందా అని అడిగావు. పట్టేస్తోంది. ఊళ్ళో ఇరుకు గదులన్నిటికీ సొరుగులు చేసిపెట్టేవాడి ఇంట్లో సొరుగు తెరుచుకోదని నీ కోడలు రోజూ దెప్పుతోంది. గోడలోంచి లాగే బల్ల మీద నలుగురికీ అన్నం పళ్ళేలు పడతాయా అని కూడా అడిగావు. పడతాయమ్మా. నీ వైపు ఖాళీగా ఉంటోంది, అంతే.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. చుంగ్-యెంగ్ పండుగ నాడు సమాధులు శుభ్రం చేసి వచ్చాక, నాన్న పోయినప్పటినుంచి నువ్వు అగరుబత్తి వెలిగించి మొక్కుతున్న ఆయన పేరుపలకను గుడికి తీసుకెళ్ళి నిప్పులో సాగనంపుతానన్నావు. మన తాం ఇంటిపేరు పలక బాబాయి వాళ్ళ లియెంగ్ ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది, బాబాయి మంచివాడు కాబట్టి ఊరుకున్నాడుగానీ పోయిన ఆయన పెద్దలు ఊరుకుంటారా అని రాశావు. అది చదివినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. పోయినవారం నేనే వచ్చాను. అమ్మ నిద్రపోతోందని పిన్ని గుమ్మం దగ్గరే చెప్పింది. లోపల నీ దగ్గు నాకు వినపడుతూనే ఉంది.

వసంతకాలంలో గదిలో అమరిక మార్చినప్పుడు ఏం జరిగిందో ఇద్దరం చూశాం. కానీ ఇద్దరం చూసింది ఒకటి కాదు. నాన్న పలక పెట్టిన గూడు ఉన్నచోటే ఉంటుంది, నేను ముట్టుకోనని మొదటిరోజే మాటిచ్చాను. నువ్వు సంతోషించావు. తర్వాత ఎదురుగోడకు నీ మడతమంచం బిగించాను. కిందికి దించితే తల గోడవైపు, కాళ్ళు సరిగ్గా నాన్న వైపు. నువ్వు ఆ మంచం చుట్టూ తిరిగి, దీన్ని ఇంకోవైపుకి తిప్పలేమా అబ్బాయ్ అన్నావు. నేను టేపు లాగి చూపించి, పట్టదన్నాను. కొన్నాళ్ళు కుర్చీలో కూర్చునే నిద్రపోయావు. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. పలకను ఎర్రగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నావు. పిన్నిని చూసొస్తానని వెళ్ళి, మళ్ళీ రాలేదు.

ఆ ఆదివారం నేనేం చేశానో తెలుసా? ఇనపసామాను కొట్టు మీది మేడలో, మా క్రైస్తవ సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. మా అమ్మ తన చేతులతో తానే విగ్రహాన్ని దించేసిందని, ప్రభువు ఆమె గుండె మెత్తబరిచాడని గొంతు చించుకుని అరిచాను. జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. సంఘపెద్ద కోక్ గారు లేచివచ్చి నన్ను కౌగిలించుకున్నారు.

ఎండాకాలంలో కింది అంతస్తు ఫుంగ్ పెద్దావిడ మడతమంచం బిగించమని నన్ను పిలిచింది. అచ్చం మన గదే. ఆవిడ గూడు కూడా మన గూడు ఉన్నచోటే ఉంది. అలవాటుగా ఎదురుగోడ చూపించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మా ఆయన వైపు కాళ్ళు చాపుకుని పడుకోమంటావా మేస్త్రీ? బతికుండగా తన్నాలనిపించినప్పుడే తన్నలేదు," అంది. ఇంకో దారి చూడమంది. మీ యేసు కూడా వడ్రంగేనటగా, నీకు తెలియకపోతే ఆయన్నడుగు అంది.

అడగాల్సిన పనే లేకపోయింది. కిటికీ కింద అడ్డంగా, తల వైపు నుంచి కాక పక్క నుంచి దిగే మంచం పెట్టాను. మూసేస్తే కిటికీ అంచుకంటే కిందే ఉంటుంది, వెలుతురు ఆగదు. దాని మీది చెక్క కాఫీ కప్పు పెట్టుకోవడానికి పనికొస్తుంది. పడుకుంటే కాళ్ళు తలుపు పక్క గోడవైపు. ఆవిడ పడుకుని చూసి, లేచి, మీ అమ్మకు కూడా ఇలాగే చేసిపెట్టుంటావు, పుణ్యాత్మురాలు అంది. అమ్మా, ఏ ప్రసంగం నన్ను అంత లోతుగా కోయలేదు.

ఆ రోజు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఇక్కడే ఉంది అసలు సంగతి. కిటికీ కింద మంచం పడుతుందని నాకు మొదటిరోజే తెలుసు. నాన్న వైపు కాళ్ళు చాపి నువ్వు పడుకోవని కూడా తెలుసు. చిన్నప్పుడు నేను అలా పడుకుంటే నిద్రలోనే నన్ను పట్టి తిప్పేదానివి. ఆ భయాన్నే పట్టుకుని ఆ గోడ ఎంచుకున్నాను. పలక తీసెయ్యమని నోటితో అడిగే ధైర్యం లేక, మంచంతో అడిగాను. నేను తీయలేదు. నీ చేతే తీయించాను. పైగా అది దేవుడి పని అని చెప్పుకున్నాను.

నా కథలు నీకు విసుగని తెలుసు, ఇదొక్కటి విను. యాకోబు తన అన్నలా అనిపించాలని చేతులకు మేకతోలు చుట్టుకుని చూపులేని తండ్రిని మోసం చేశాడు. ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో, ఎంతమందిని గద్దించానో! నా చేతికి చుట్టుకున్న టేపు నాకు కనపడలేదు. తల్లికీ తండ్రికీ చెందాల్సినదాన్ని దేవుడికిచ్చేశానని తప్పించుకునేవాళ్ళ మీద ప్రభువు ఎలా మండిపడ్డాడో నాకు కంఠతా వచ్చు. ఆయన మండిపడింది నా మీదే.

కోక్ గారికి చెప్పాను. ఫలితం మంచిదే కదా తమ్ముడూ, జనం ముందు దీన్నెందుకు తవ్వుకుంటావన్నారు. మొన్న ఆదివారం తవ్వుకున్నాను. "మా అమ్మ తనంతట తాను పలకను తీయలేదు. నేను మోసంతో తీయించాను. నేను మీకు చెప్పింది అబద్ధసాక్ష్యం," అన్నాను. ఒక్కరూ కౌగిలించుకోలేదు. కొన్నాళ్ళు వాక్యం చెప్పవద్దన్నారు. న్యాయమే. ఇంటికొచ్చాక సుక్-మన్ నా ముందు టీ పెట్టి, దేవుడికి చెప్పావు, సంఘానికి చెప్పావు, మీ అమ్మకెప్పుడు చెబుతావని అడిగింది.

ఎదురుగోడ మంచాన్ని నిన్న ఊడదీశాను. కిటికీ కింద కొత్తది బిగించాను. నీ చేతులకు తేలిగ్గా ఉండేలా స్ప్రింగులు మార్చాను, ఒంటిచేత్తో దిగుతుంది. గూడు తుడిచాను. నా నమ్మకం మారలేదమ్మా, అబద్ధం చెప్పను. అగరుబత్తి నేను వెలిగించను. నువ్వు వెలిగిస్తే ఆర్పను, మొహం తిప్పుకోను. పొగకు పైన నల్లబడకుండా రేకు కూడా కొట్టాను. నన్ను క్షమించమని అడగడానికి నాకింకా నోరు రావడం లేదు. నువ్వు తిట్టదలిస్తే ఇక్కడికొచ్చి, నీ మంచం మీద కూర్చుని తిట్టు.

ఈ ఉత్తరం మామయ్య కొడుకు కియుంగ్‌తో పంపుతున్నాను. పండుగకని పొద్దున మొదటి బస్సుకే వస్తున్నాడు, నువ్వు సమాధుల దగ్గరికి బయలుదేరకముందే నీ చేతికిస్తాడు. సమాధులకు వెళ్ళు, నా బదులు కూడా గడ్డి పీకు. కానీ ఈ రోజు గుడికి మాత్రం వెళ్ళకమ్మా. ఆ నిప్పులో పడాల్సింది నా అబద్ధం, నాన్న పేరు కాదు. రేపు చూద్దాం, పిన్నిని అడుగుదాం అనుకోకు. ఇప్పుడే బట్టలు సర్దుకో. నాన్నను సంచిలో కాదు, ఒళ్ళో పెట్టుకుని కియుంగ్‌తో సాయంత్రం బస్సెక్కు. బస్సు ఆగేచోట నేనుంటాను. ఈ రోజే రా అమ్మా, ఈ రోజే.

ఇట్లు,
నిన్ను మోసం చేసిన నీ కొడుకు,
వింగ్-తిమ్