ఉచిత ప్రోగ్రాముకు మూడు కొటేషన్లు

బ్రాడీపేట మిరప సాగు సలహా కేంద్రం అధికారి గారి సముఖమునకు, పర్చూరు దగ్గరి పల్లెలో వాక్యం చెప్పుకొను మార్కు వ్రాసుకొను అర్జీ. తేదీ 12-2-2004.

అయ్యా,

విషయం: ‘ఆర్’ అను ఉచిత గణాంక ప్రోగ్రామును తమ కార్యాలయపు విండోస్ కంప్యూటర్లలో కూడా ఈ రోజే వేయించుట గురించి.

ఊరికే ఇస్తున్నదాన్ని పుచ్చుకోవడానికి తమకు అడ్డేమిటి?

1. మా ఊళ్ళో మందు కొట్టిన వెంటనే మిరప కోతకు దిగిన ఆడవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతున్నారు. ఎవరు ఏ చేలో ఎప్పుడు దిగారో ఇంటింటికీ తిరిగి అడిగాను. చీరాల కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే సఫూరా గారు ఆ వివరాలను ‘ఆర్’లో వేసి చూశారు. వారం ఆగి దిగినవాళ్ళు బాగానే ఉన్నారనీ, ఇది ఏదో అనుకోకుండా అలా జరిగింది కాదనీ తేల్చారు.

2. ఆమె కంప్యూటరులో ఉన్నది లినక్స్. ఆ లెక్క ఫ్లాపీలో తెచ్చి, మందు కొట్టాక కోత వారం ఆపమని నోటీసు ఇమ్మని అడిగాను. తమ గుమాస్తా బుల్లయ్య గారు "మా విండోస్‌లో ఇది తెరుచుకోవట్లేదు. మేం సరిచూడని లెక్క మీద నోటీసు ఎట్లా ఇస్తామండీ" అన్నారు. న్యాయమే. అందుకని సఫూరా గారు సీడీ ఇచ్చి పంపారు. అందులో విండోస్‌కు, లినక్స్‌కు, మాకింతోష్‌కు వేరువేరుగా అదే ప్రోగ్రాము ఉన్నది. బైబిల్లో పెంతెకొస్తు పండుగ నాడు ఒక్క సువార్తే ఎవరి భాషలో వారికి వినబడలేదా? ఇదీ అంతే. ఏ కంప్యూటరులో వేసినా లెక్క ఒకటే.

3. సీడీ చూసి బుల్లయ్య గారు మూడు కొటేషన్లు కావాలన్నారు. దీనికి ఖరీదే లేదని మనవి చేసుకున్నాను. "అయితే మరీ కష్టం పాస్టరు గారూ. ముగ్గురూ సున్నా అంటే తక్కువ ఎవరిదని రాయను?" అన్నారు. నేను పాస్టరును కాను, ఏ బైబిలు బడిలోనూ నేర్చినవాణ్ణి కాను. డబ్బు లేనివాళ్ళను కూడా నీళ్ళకు రమ్మన్న దేవుడు కొటేషన్ల కోసం ఆగి ఉంటే మనమందరం ఇంకా గడప బయటే ఉండేవాళ్ళమని మాత్రం చెప్పాను. నేను అరిచానని తమతో అని ఉంటారు. అరిచాను.

4. నిన్న వెంకటనారాయణ గారి చేలో మందు కొట్టారు. రేపు తెల్లవారగానే కోత. ఆయన చెడ్డవాడు కాదు. "నీ మాట మీద ఆపితే ఊరంతా నవ్వుద్ది మార్కూ. ఆఫీసు కాగితం తే, వారం కాదు పది రోజులాపుతా" అన్నాడు. ఆ కోతకు వెళ్ళేవాళ్ళలో నా భార్య మార్తమ్మ ఉన్నది. పోయిన నెల పడిపోయినప్పటి నుంచి సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నది. మానేయమంటే, "నా సాలు ఎవరు కోస్తారయ్యా, నీ ప్రసంగమా" అన్నది. అందుకే సీడీ పట్టుకుని ఇక్కడికి వచ్చాను.

కావున ఒక్క కంప్యూటరులో ఆ సీడీ వేయించి, లెక్క తమరే చూసి, కోత వారం ఆపమని సంతకం చేయవలెను. లెక్క తప్పయితే అదైనా వ్రాసి ఇవ్వవలెను. తర్వాత ఆ సీడీని ఏ రకం కంప్యూటరు ఉన్నవారైనా నకలు తీసుకునేలా కేంద్రంలోనే ఉంచవలెను. ఇది చిత్తగించి నన్ను ఉత్త చేతులతో పంపరని నమ్ముతూ,

తమ విధేయుడు,
మార్కు

ఇంకొక్క మాట: నేను వరండాలోనే ఉన్నాను. బుల్లయ్య గారు కంప్యూటరు మీద గుడ్డ కప్పుతున్నారు, చేతిలో తాళం ఉన్నది. కొటేషన్లు తమరు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. అయ్యా, ఆ గుడ్డ తీయమనండి. ఇప్పుడే సీడీ పెట్టమనండి.