పైయింటి తాళంచెవి

పాప వాళ్ళమ్మకు,

ఇక్కడ నేనూ పాపా ఏ నలతా లేకుండా ఉన్నాం. ఆ ఆసుపత్రి ఉద్యోగంలో నువ్వు కూడా వేళకు తిని, కాస్తయినా నిద్రపోతున్నావనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. పాపకు ఊగుతున్న పన్ను ఊడింది. ఏడవలేదు. బడిలో అందరికీ చూపించి, ఇంటికొచ్చే దారిలో ఎక్కడో పోగొట్టుకుంది, దానికి మాత్రం ఏడ్చింది. నీ ఊలు స్వెట్టరు బీరువా పై అరలోనే ఉంది, పంపిస్తాను. బేకరీలో నాకు ఇంకా రాత్రి పనే వేస్తున్నారు. పాప నా చెల్లెలి ఇంట్లో పడుకుంటోంది. పొద్దున్నే తనే బడికి పంపుతుంది. నేను ఇంటికొచ్చి పిండి అంటిన చేతులు కడుక్కుని పడుకుంటున్నాను. కిటికీలకు ఇనుప చువ్వలు పెట్టించమని రాశావు. పెట్టించాను. ఎందుకింత తొందరగా నీ మాట విన్నానో ఇప్పుడు చెబుతాను.

పైయింటి టీచరమ్మ ఇంట్లో దొంగలు పడ్డారు. ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళినప్పుడు, పట్టపగలు. గాజులు, ల్యాప్‌టాప్, చనిపోయిన వాళ్ళాయన చేతి గడియారం పట్టుకుపోయారు. గాజుల గురించి ఆవిడ ఒక్కసారే చెప్పింది. గడియారం గురించి మెట్ల మీద కలిసిన ప్రతివాళ్ళకూ చెబుతోంది.

అప్పటినుంచి మన వీధి వీధిలా లేదు. ఇనుప సామాన్ల కొట్టులో తాళాలన్నీ అయిపోయాయి. పక్క వాటాలో ఉండే రిటైరయిన గుమాస్తా గారు తలుపుకి ఒకటి కింద ఒకటి గడియలు బిగించుకుని, ఏది ముందు తీయాలో తెలియక లోపలే ఇరుక్కుపోయారు. వడ్రంగి వచ్చి తలుపు కోసి బయటికి తీశాడు. ఆయన గడప దాటి చేసిన మొదటి పని, కోసిన తలుపుకి తాళం వేయడం. నవ్వాలో జాలిపడాలో నాకు తెలియలేదు. ఎవరింటి బెల్లు మోగినా ఇప్పుడు ముందు కిటికీ తెర కదులుతుంది, ఆ తర్వాతే మాట వినబడుతుంది.

అయితే టీచరమ్మ తలుపు ఎవరూ పగలగొట్టలేదు. తాళం తాళంలాగే ఉంది. పోలీసు వచ్చి చూసి, "తాళంచెవి ఉన్నవాళ్ళ పనే" అన్నాడు. ఆవిడ చెవి కాక ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి పనావిడ దగ్గర. రెండోది, నువ్వు వెళ్తూ వెళ్తూ "జాగ్రత్త, ఇది మనది కాదు" అని నా చేతిలో పెట్టిన చెవి. టీచరమ్మ పోలీసుతో, "కింద వాళ్ళ దగ్గరుందంటే నా దగ్గరున్నట్టే. ఆవిడ నాకు చెల్లెలి లెక్క" అంది. నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను.

పనావిడను స్టేషనుకి తీసుకెళ్ళి పగలంతా కూర్చోబెట్టారు. ఏమీ దొరకలేదు, పంపించేశారు. కానీ ఆమె పనిచేసే ఇళ్ళవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు, "కొన్నాళ్ళు రావద్దులే" అన్నారు.

ఇంతవరకూ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఇక మీదట రాసేది నేను తప్ప ఎవరూ చెప్పలేరు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో ప్రశ్నలు వేస్తావు, నేను తడబడతాను, చివరికి చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. అందుకే ఉత్తరం.

దొంగలు పడిన రోజు నేను పనినుంచి వచ్చి పడుకున్నాను. కన్ను మూతపడిందో లేదో, బెల్లు మోగింది. పనిముట్ల సంచి భుజాన వేసుకున్న మనిషి. పైన ఎవరూ తలుపు తీయడం లేదన్నాడు. టీచరమ్మ ఊళ్ళో లేదన్నాను. నీళ్ళ గొట్టం సంగతి వచ్చింది. ఇక్కడే నాకు అంతా అలికేసినట్టు ఉంది. "గొట్టం కారుతోందట, చూడమన్నారు" అని అతనన్నాడా, లేక "మా బాత్రూం కప్పు మీద తడి మరక పడింది, దానికోసమేనా" అని నేనే అడిగానా? ఎన్నిసార్లు తలుచుకున్నా ఒకసారి అతని నోటినుంచి వస్తుంది, ఇంకోసారి నా నోటినుంచి వస్తుంది. తాళంచెవి మన దగ్గరుందని చెప్పింది మాత్రం నేనే. తీసి ఇచ్చిందీ నేనే. ఇచ్చి వచ్చి పడుకున్నాను.

కాసేపటికి అతనే బెల్లు కొట్టి చెవి తిరిగి ఇచ్చాడు. "అయిపోయిందండీ" అన్నాడు. చేతులు కడుక్కుంటానంటే పెరటి వైపు తీసుకెళ్ళాను. అక్కడ తలుపు గడియ చూసి ఆగాడు.

"ఇదేంటండీ, మరలు ఊడొచ్చేస్తున్నాయి. గట్టిగా తోస్తే వచ్చేస్తుంది. పిల్లలున్న ఇల్లు కదా."

పాప సైకిలు అక్కడే ఉంది, చూసి ఉంటాడు. సంచిలోంచి పొడుగు మరలు తీసి బిగించి, లాగి చూసి, నన్ను కూడా లాగమన్నాడు. నేను టీ పెట్టి ఇచ్చాను. ఊదుకుంటూ తాగాడు. అతను తాగుతున్నంతసేపూ ఆ గడియారం ఆ సంచిలోనే, నా కాళ్ళ దగ్గరే ఉంది కాబోలు. మన ఇంట్లో చెంచా కూడా పోలేదు. ఎందుకు బిగించాడో, మనల్ని ఎందుకు వదిలేశాడో నాకు అంతు చిక్కడం లేదు.

పోలీసు వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. మొదట, అతను నిజంగా గొట్టాల మనిషే, దొంగ వేరే ఎవడో అనుకున్నాను. తర్వాత టీచరమ్మ తను ఎవరినీ పిలవలేదని ఎవరితోనో అంటుంటే విన్నాను. అప్పటికి తల ఊపేసి ఉన్నాను కదా, ఆ తల ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. పనావిడను వదిలేశారు కదా అని కూడా సరిపెట్టుకున్నాను.

ఒకరోజు పనినుంచి వస్తుంటే బస్టాపులో పనావిడ కనబడింది. ఒళ్ళో టిఫిను డబ్బా. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆమె ఎక్కడం లేదు. ఎక్కడికని అడిగాను. "ఎక్కడికీ లేదు బాబూ. పని పోయిందని ఇంట్లో చెప్పలేదు. రోజూ వేళకి బయల్దేరి వచ్చి ఇక్కడ కూచుంటున్నా" అంది.

ఇంటికి రాలేదు నేను. తిన్నగా పై మెట్లెక్కాను.

టీచరమ్మ అంతా విన్నది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "వాడు ఆయన గడియారం తీసుకెళ్తుంటే మీరు టీ కాచి ఇచ్చారా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. తాళంచెవి ఆ చేతిలో పెట్టి వచ్చేశాను. నీకు తనే ఉత్తరం రాస్తానంది. అది చేరేలోపు ఇది చేరాలని నా తాపత్రయం.

పోలీసు దగ్గరా చెప్పాను. మనిషి ఎలా ఉంటాడని అడిగారు. సంచి చెప్పగలిగాను, టీ ఊదుకోవడం చెప్పగలిగాను. ముఖం గుర్తు రాలేదు. దొంగ ఇంకా దొరకలేదు. పనావిడకు ఏ సంబంధమూ లేదని టీచరమ్మే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ ఆమెను మళ్ళీ రమ్మన్నారు. మన ఇంటికీ వస్తోంది. క్షమించమని అడిగాను. "పోనీండి బాబూ, చెప్పారుగా" అంది.

కానీ ఎవరు తాళంచెవి ఇచ్చినా ఇప్పుడు తీసుకోవడం లేదు. ఇంట్లో మనిషి ఉంటేనే లోపలికి వస్తుంది. పని అయ్యాక గడప దగ్గర నిలబడి, తన సంచి విప్పి నాకు చూపిస్తుంది. డబ్బా, చేతిగుడ్డ, బస్సు టిక్కెట్టు. వద్దని రోజూ చెబుతున్నాను.

"చూడండి బాబూ. మీరు చూస్తేనే నేను నిమ్మళంగా నడిచెళ్తాను" అంది నిన్న.

చూడకుండా తల తిప్పుకుంటే ఆమె అక్కడే నిలబడి ఉంటోంది. చూస్తే, ఆ రాత్రంతా పిండి పిసుకుతున్నా నా చేతులు నావి కానట్టు ఉంటున్నాయి. చూడాలా, వద్దా? నువ్వయితే ఏం చేస్తావో రాయి. నన్ను తిట్టేది ఆ తర్వాత రాసినా ఫరవాలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం తలుపు దగ్గరే ఉన్న
పాప నాన్న