ఉప్పుమెట్ల కడియం

పోద్యేజీ,
3 సెప్టెంబరు 2023, ఆదివారం.

సూషిత్సెలో ఉంటున్న శ్రీ వెండెలీన్ సోయ్కా గారికి,

పోద్యేజీ ఊరి కైఫీయత్తు రాసే యారోమిరా హ్లాదికోవా నమస్కరించి రాయునది. ఇక్కడ ఊరంతా క్షేమం. ఒటావా నది మోకాలి లోతున బుద్ధిగా పారుతోంది. తమరు, తమ అక్కగారు, తమ మోకాళ్ళు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

హమ్మయ్య, మర్యాద అయిపోయింది. నిన్ను తమరూ గిమరూ అంటుంటే నాకే నవ్వొస్తోంది. నా జడ పట్టుకుని ఈదించి, నాకు ఈత నేర్పినవాడివి నువ్వు. ఇరవై ఏళ్ళు మాట్లాడుకోనంత మాత్రాన గార్లమైపోతామా? నువ్వనే రాస్తాను. కోపం వస్తే ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పడెయ్, కానీ చివరిదాకా చదివి పడెయ్.

ముందు ఊరి కబుర్లు. కప్ప పబ్బు ఇంకా ద్రహోష్ చేతిలోనే ఉంది. గోడ మీద వరద గీతలు మూడూ అలాగే ఉన్నాయి: 1845, 1890, 2002. ఎవడైనా ఆరో గ్లాసు బీరు అడిగితే ద్రహోష్ వాణ్ణి తీసుకెళ్ళి గోడకు నిలబెట్టి, "నీ తల 1845 గీతకు తగిలితేనే పోస్తాన్రా" అంటాడు. ఇంతవరకు ఒక్కడి తలా తగల్లేదు, ఒక్కడికీ ఆరో గ్లాసు ఆగలేదు.

ఎండాకాలమంతా పడవల మీద పట్నం పిల్లలు "అహోయ్, అహోయ్" అని కేకలేసుకుంటూ దిగారు. ఆనకట్ట దగ్గర బోల్తా కొట్టేవాళ్ళకు మన పెన్షనర్ల ముఠా కాలివంతెన మీద కూర్చుని మార్కులు వేస్తోంది. మొన్న ఒకమ్మాయికి పదికి తొమ్మిదిన్నర వచ్చింది. టోపీ తడవకుండా మునిగిందట. పై నుంచి ఆ మార్కులు విని ఆ పిల్ల నీళ్ళలోంచే దణ్ణం పెట్టింది.

ఆగస్టులో వాన వేళకు పడింది కనుక అడవి నిండా పుట్టగొడుగులే. ఊళ్ళో పొద్దున్నే అందరూ బుట్టలు పట్టుకుని బయల్దేరుతారు. ఎటని అడిగితే తమ పుట్టగొడుగుల చోటు చెప్పకుండా అందరూ చర్చికే అంటారు. ఇంత భక్తి మన ఊరికి ఎన్నడూ లేదు.

చర్చి అంటే గుర్తొచ్చింది. గోపురం కొసనున్న రాగి గుండును దించారు, బంగారు పూత వెయ్యడానికి. అందులో 1931 నాటి వాళ్ళు పెట్టిన రేకు గొట్టం, గొట్టంలో అప్పటి కైఫీయత్తు మాస్టారు రాసిన ఉత్తరం దొరికాయి. ఊరినంతా పిలిచి చదివాం. ఆయన చివర్లో, "మీ కాలంలోనైనా మన ఊరి వాళ్ళు సభకు వేళకు వస్తున్నారా?" అని అడిగాడు. ఆ సభ అప్పటికే ముప్పావుగంట ఆలస్యంగా మొదలైంది. నవ్వలేక చచ్చాం. ఈ నెల ఇరవై ఎనిమిదిన, వాత్స్లావ్ పండుగనాడు, గుండును మళ్ళీ ఎక్కిస్తారు. ఈసారి అందులో మన ఉత్తరం, కైఫీయత్తులోంచి కొన్ని పుటల నకళ్ళు పెట్టాలి. ఏ పుటలు పెట్టాలో ఎంచే పని నాది.

అందుకని వేసవంతా పాత సంపుటాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎంత బాగుందో చెప్పలేను. ఉప్పు పడవలు మన ఉప్పుమెట్ల దగ్గర ఆగిన రోజుల నుంచీ, దుంగల తెప్పల వాళ్ళు మూడు రోజులు తాగి తెప్పను మరిచిపోయిన ఏడాది దాకా అన్నీ ఉన్నాయి. యుద్ధకాలంలో జర్మన్లు ఊరూరా కైఫీయత్తులు అప్పజెప్పమన్నప్పుడు మన మాస్టారు ఫైరింజను సంఘం వాళ్ళ హాజరు పట్టీకి మంచి అట్ట వేసి ఇచ్చాడు, అసలుది తేనెపెట్టెలో దాచాడు. రెండో సంపుటం తెరిస్తే ఇప్పటికీ మైనం వాసన. ఆ తర్వాత వచ్చినాయన మాత్రం ఓ ఏడు, పందుల ఈతల గురించి నాలుగు పుటలు రాసి, అదే ఏడు సర్కారు వాళ్ళు పొద్దున్నే లారీలో ఎక్కించి తీసుకుపోయిన మూడు కుటుంబాల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆయన్ని వయసులో ఉండగా తెగ తిట్టేదాన్ని. ఈ మధ్య తిట్టడం మానేశాను.

ఇక అసలు సంగతి. నీకూ నాకూ మధ్య ఉన్నది మూడో సంపుటం, రెండు వందల పన్నెండో పుట. నువ్వు మరిచిపోయి ఉండవు, నేనూ మరవలేదు. 2002 ఆగస్టు వరద తగ్గిన మర్నాడు నీ రేవు పడవ విరిగిన కాలివంతెన మధ్య ఇరుక్కుని దొరికింది. ముక్కున గొలుసు లేదు. కట్టకుండా వదిలేశావని ఊరు అనుకుంది. సభలో నువ్వు "కట్టాను" అన్నావు. సాక్షి ఎవరని అప్పటి మేయరు అడిగితే "ఎవరూ లేరు" అన్నావు. అంతే, తీర్మానం అయిపోయింది. "పడవవాడి అజాగ్రత్త వల్ల విడిపోయిన పడవ తగిలి కాలివంతెన కూలెను" అని నేను రాశాను. కొత్త వంతెన వేసే నాలుగేళ్ళూ అవతలి గట్టు వాళ్ళు రొట్టె కోసం మైళ్ళు చుట్టి రావలసి వచ్చింది, వచ్చిన ప్రతివాడూ దారి పొడుగునా నిన్నే తలుచుకున్నాడు. పబ్బులో ద్రహోష్ అయితే, "వెండెలీన్, ప్యాంటైనా గట్టిగా కట్టుకున్నావా?" అని రోజూ అడిగేవాడు. జనవరిలో ఆ ఏటి కైఫీయత్తు అందరి ముందూ చదివాను. ఆ వాక్యం దగ్గర నువ్వు లేచి, టోపీ పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయావు. మార్చికల్లా ఊరే వదిలేశావు. రేవు ఆనాడు మూతపడింది, మళ్ళీ తెరవలేదు.

మొన్న ఆగస్టు ఇరవై రెండున ఆనకట్టకు మరమ్మతని నీళ్ళు మళ్ళించారు. బురద తోడే మెషీను నడిపేవాడు వీత్, మన చర్చి గంటలు కొట్టిన తాత మనవడు. పొద్దున పదింటికి నాకు ఫోన్ చేసి, "పిన్నీ, తొందరగా రా, నీ పుస్తకంలోకి ఒకటి దొరికింది" అన్నాడు. వెళ్ళాను. బురదలో పొయ్యంత రాయి పడి ఉంది. మన ఉప్పుమెట్ల గోడ మూల, నువ్వు పడవ కట్టే చోటిది. దానికి ఇనుప కడియం. కడియానికి మూడు చుట్లు తిరిగిన గొలుసు. రాయి బరువుకు గొలుసు పడవ వైపు కొసన తెగింది, ఇటు ఇత్తడి తాళం మాత్రం వేసింది వేసినట్టే. తాళం మీద మీ నాన్న మేకుతో గీసిన చేప.

పబ్బు పబ్బంతా గట్టు మీదికి వచ్చింది. ద్రహోష్ టోపీ తీసేసి, "కట్టాడురా. గోడే ఊడింది, వాడు కట్టింది ఊడలేదు" అన్నాడు. పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. తాళం కోసి గొలుసు విడదీద్దామని ఎవరో కట్టర్ తెచ్చారు. ద్రహోష్ వెళ్ళి ఆ బురద రాయి మీద కూర్చున్నాడు. "ముందు నన్ను కొయ్యండి. దీన్ని సోయ్కా వచ్చి తీస్తాడు, లేకపోతే ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆ రాయి ఇప్పుడు కప్ప పబ్బులో, వరద గీతల కింద ఉంది. దాని మీద ఎవరైనా గ్లాసు పెడితే అరుస్తున్నాడు.

ఇప్పటి మేయరు బ్లాజెనా వెంటనే సభ పిలిచింది. కైఫీయత్తులో రాసింది చెరపకూడదు, కొట్టెయ్యకూడదు, చింపకూడదు, నీకు తెలిసిందే. ఆ పుట అంచున "చూడుడు: నాలుగో సంపుటం, అరవై ఒకటో పుట" అని మాత్రం రాయనిచ్చారు. అరవై ఒకటిలో నేను ఇలా రాశాను: "2002లో పడవ కట్టియే ఉండెను. ఊడినది ఊరి గోడ. వెండెలీన్ సోయ్కాను ఊరు అన్యాయముగా నిందించెను." చదివితే అందరూ చేతులెత్తారు. లెక్క చూడకుండానే బ్లాజెనా "ఆమోదం" అంది.

పండుగనాడు ఈ పుట నకలు రాగి గుండులోకి వెళ్తుంది. అదే రోజు రేవు మళ్ళీ తెరవాలని ఊరి కోరిక. కొత్త పడవ వచ్చింది, ఆకుపచ్చ రంగు, నీకు నచ్చదు, నీ చేత్తో మళ్ళీ వేసుకో. మొదటి దాటింపు నువ్వు నడపాలి. ఆ తర్వాత వీత్ నేర్చుకుంటాడట. నా ఇంట్లో వంటింటి పక్క గది ఖాళీగా ఉంది. ప్లమ్ పళ్ళ కొలాచ్ రొట్టెలు రెండు పళ్ళేలు చేస్తాను. అప్పట్లోలా నీ చేతికి అందకుండా దాచే మనిషి ఇప్పుడు ఎవరూ లేరు.

మా వాళ్ళందరూ నిన్ను అడిగామని రాయమన్నారు. ద్రహోష్ తను స్వయంగా ఉత్తరం రాస్తానని మూడు కాగితాలు పాడుచేసి, "నువ్వే రాసెయ్ యార్కా, నేను ఏం రాసినా జోకులా ఉంటోంది" అని వదిలేశాడు. నిన్ను క్షమాపణ అడిగానని చెప్పమన్నాడు. అతని మాట నేను పొల్లుపోకుండా రాస్తున్నాను.

అక్కగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ రేవు ఇంకా నీదే అని చెప్పడానికి ఇరవై ఏళ్ళు పట్టిన
యార్కా

తాజా కలం:

కవరు అంటించాను. చీపురు పట్టుకుని వంటిల్లు ఊడ్చాను. తిరిగొచ్చి కవరు చింపాను.

పైన రాసినదాంట్లో అబద్ధం లేదు వెండెలీన్, కానీ ఒకటి రాయలేదు. ఆ కడియం దొరక్కపోయినా నాకు తెలుసు.

వరద పెరిగి ఊరివాళ్ళంతా గుట్ట మీది బడికి పోయిన ఆ పొద్దున, చర్చి తాళం నా దగ్గర ఉందని నా సామాను అక్కడికి చేర్చుకున్నాను. పిల్లి, దుప్పటి, ఊరగాయ పెట్టిన పుట్టగొడుగుల సీసాలు పదహారు. అవన్నీ సర్దాక గుర్తొచ్చింది, కైఫీయత్తు మూడు సంపుటాలూ ఊరి ఆఫీసులో కింద గదిలో ఉన్నాయని. చర్చి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. నువ్వు ఆఫీసు గుమ్మంలోంచి పడవ లోపలికి పోనిచ్చి, సంపుటాలను చేపల తొట్టిలో పెట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టావు. "నువ్వే తెచ్చావని చెప్పు యార్కా. కైఫీయత్తు మరిచిపోయి పుట్టగొడుగులు మోసుకెళ్ళిందంటే మన ఊళ్ళో నూరేళ్ళు నవ్వుకుంటారు" అన్నావు. నేను పైమెట్టు మీద నిలబడి చూస్తుండగానే ఉప్పుమెట్ల కడియానికి పడవ కట్టావు. మూడు చుట్లు. తాళం వేసి, రెండుసార్లు గుంజి చూశావు.

సాక్షి ఎవరని సభలో అడిగినప్పుడు నేను మూడో వరుసలో కూర్చుని రాసుకుంటున్నాను. నువ్వు నా వైపు చూడను కూడా చూడకుండా "ఎవరూ లేరు" అన్నావు. నేను అదీ రాసుకున్నాను. నిన్ను చూశానంటే ఎందుకు అక్కడున్నావో చెప్పాలి, అది చెబితే నా సంగతి చెప్పాలి. తర్వాత ప్రాణాలకు తెగించి కైఫీయత్తును కాపాడానని నాకు పటం కట్టించిన మెచ్చుకోలు కాగితం ఇచ్చారు. ఇరవై ఏళ్ళు నా హాల్లో వేలాడింది. నువ్వు ఇచ్చినదాన్ని తీసుకుని నీ మీదే వాక్యం రాసిన మనిషిని నేను. సిగ్గుతో చచ్చిపోయాను అనడం తేలిక, చావలేదు, హాయిగా పుట్టగొడుగులు తిన్నాను.

నిన్న ఆ కాగితం దించాను. అరవై ఒకటో పుట కింద ఇదంతా రాశాను, అదే సిరాతో, సీసాల లెక్కతో సహా. ఇంకా ఎవరికీ చెప్పలేదు. పండుగనాడు, గుండు మూసే ముందు, అందరి ఎదుటా నేనే చదువుతాను. నవ్వాల్సినవాళ్ళు నవ్వుతారు, నూరేళ్ళు అన్నావుగా, ఇరవై ఒకటి పోగా ఇంకా చాలా మిగిలాయి. ఆ తర్వాత నకలు పైకి వెళ్ళిపోతుంది, ఎవరూ దించలేరు, నేను కూడా.

నువ్వు రాకపోయినా చదువుతాను.

వస్తే తాళంచెవి తెచ్చుకో. అది నీ దగ్గరే ఉందని నాకు తెలుసు. ఆ పొద్దున నువ్వు దాన్ని చొక్కా జేబులో వేసుకోవడం కూడా చూశాను.