సలాడ్‌కి కట్టు కట్టిన పిన్ని

చిరంజీవి బుజ్జమ్మకి,

పిన్ని దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నా ఇంగ్లీషు క్షామం.

ఇంట్లో ఒక్కదాన్నే గోడలతో మాట్లాడలేక హోటల్లో వంటకి కుదిరానని మీ అమ్మ చెప్పే ఉంటుంది. పెద్ద వంటాయన కొత్తగా వచ్చాడు. మనిషి తాటిచెట్టంత, పైన మూరెడు టోపీ. నోట ఇంగ్లీషు తప్ప ముక్క రాదు. మేనేజరుకి రెండు భాషలూ వచ్చుగానీ వంటింటి గడప తొక్కడు. నెలాఖరుదాకా చూసి, నచ్చితే ఉంచుతారట, లేకపోతే ఇంటికే. నా చేతికి వంటొచ్చు, చెవికే ఇంగ్లీషు రాదు. నువ్వు టీచరమ్మవి కదా, కాస్త వంటింటి ఇంగ్లీషు రాసి పంపు.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. ఇవాళ ఆయన "స్టాక్ రెడీ?" అన్నాడు. స్టాకు అయిపోయిందని చేతులు తిప్పాను. ఆయన నా ముందున్న గిన్నె మూత తీసి చూపించాడు. ఎముకల రసాన్ని అలా అంటారని నాకేం తెలుసు!

---

పిన్నికి నమస్కారాలు.

రాసుకో. చాప్ అంటే తరుగు. స్టర్ అంటే కలుపు. పీల్ అంటే తొక్క తీయి. మిగతా గ్రీజు, డ్రెస్సింగు, టాసు లాంటివన్నీ మన నోట్లో నలిగిన మాటలే. ధైర్యంగా ఉండు.

ఇట్లు,
బుజ్జమ్మ

తా.క. అర్థంకాకపోతే "యస్ చెఫ్" అను. అన్నీ సర్దుకుంటాయి.

---

బుజ్జమ్మా,

నువ్వన్నట్టు అన్నీ తెలిసిన మాటలే. బ్రెడ్డు కాల్చే ట్రేకి గ్రీజు రాయమన్నాడు. ఇదేం చోద్యం అనుకుంటూనే "యస్ చెఫ్" అని, సరుకుల వ్యాను డ్రైవర్నడిగి డబ్బా తెచ్చి, నల్లగా నిగనిగలాడేట్టు రాశాను. తర్వాత సలాడ్‌కి డ్రెస్సింగ్ అన్నాడు. పాపం, తరిగేటప్పుడు దానికేం దెబ్బ తగిలిందోనని మందుల పెట్టెలోంచి గుడ్డ తెచ్చి గిన్నెకి కట్టు కట్టాను. దూది కూడా పెట్టాను. ఆ కట్టు విప్పి, దూది తీసి పక్కన పెట్టాడు. చివరికి "టాస్" అన్నాడు. బిళ్ల ఎగరేశాను. బొమ్మ పడింది. ఎవరు గెలిచారో చెప్పకుండా వెళ్లి గోడకి తల ఆనించుకున్నాడు.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. గుడ్లు సెపరేట్ చేయమన్నాడు. సగం ఫ్రిజ్‌లో, సగం సామాన్ల గదిలో పెట్టాను. మళ్లీ కలుసుకోకుండా గొళ్లెం వేశాను.

---

అయ్యో పిన్నీ!

తప్పు నాది. వంటింట్లో గ్రీజంటే వెన్నో నూనో రాయడం. డ్రెస్సింగ్ అంటే నూనె, నిమ్మరసం కలపడం. టాస్ అంటే కుదిపి కలపడం. గుడ్లు సెపరేటంటే తెల్లసొన వేరు, పచ్చసొన వేరు! ఆ బ్రెడ్డు ఎవరూ తినలేదు కదా?

కంగారుగా,
బుజ్జమ్మ

తా.క. ఆయన నోట "ఫైర్" అన్న మాట వచ్చిందా, ఉద్యోగం ఊడినట్టే. వాదించకు. ఏప్రన్ విప్పి చేతికిచ్చి మర్యాదగా వచ్చేయి.

---

బుజ్జమ్మా,

ఆ మాట రానే వచ్చింది!

మధ్యాహ్నం భోజనాల వేళ, గిన్నెలు కడిగి ఇటు తిరిగానో లేదో, ఆయన నన్ను చూసి "ఫైర్! ఫైర్!" అని గావుకేక పెట్టాడు. ఒక్కసారి తీసేస్తే చాలదూ, రెండుసార్లా? కడుపు మండిపోయింది. వాదించలేదు. ఏప్రన్ విప్పాను. తడిసి ముద్దయి ఉంది. మర్యాదగా ఇద్దామనే అనుకున్నాను గానీ చెయ్యి వినలేదు, విసిరికొట్టాను. వెళ్లి ఆయన భుజానికి చుట్టుకుంది. చుయ్యిమని పొగ! అప్పుడు చూశాను, మండుతున్నది నా కడుపొక్కటే కాదు, ఆయన చొక్కా చెయ్యి కూడానూ.

చర్మం కమలకుండా బయటపడ్డాడు. నేను కూలబడి ఏడ్చాను.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. తర్వాత ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, కళ్లనీళ్లతో ఏదో అడిగాడు. "యస్ చెఫ్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. దేనికి ఒప్పుకున్నానో రేపు మేనేజర్ని అడగాలి.

---

పిన్నీ,

చేతులు పట్టుకుని, కళ్లనీళ్లతో, చప్పట్ల మధ్య అడిగేది ఇంకేముంటుంది? పెళ్లికి గానీ ఒప్పుకున్నావా? అమ్మ "ఆ ఇంగ్లీషు మరిదితో నేనేం మాట్లాడను?" అని అన్నం మానేసి కూర్చుంది. వెంటనే రాయి.

బుజ్జమ్మ

తా.క. పెళ్లే అయితే మాకూ సంతోషమే. ఆయన్ని తెలుగు నేర్చుకోమను చాలు.

---

బుజ్జమ్మా,

పెళ్లా, నీ మొహం! మీ అమ్మని అన్నం తినమను. ఆయన అడిగింది అదే, "నాకు తెలుగు నేర్పుతారా?" అని. మంటల్లో అరిచినా ఎవరికీ అర్థంకాకపోతే ప్రాణానికే ముప్పని భయం పట్టుకుందట. ఉద్యోగం ఖాయం చేశారు. పొద్దున వంట, సాయంత్రం పాఠం.

మొదటిరోజు "ఉప్పు చూడండి" అన్నాను. డబ్బా మూత తీసి, కళ్లజోడు పెట్టుకుని, ఉప్పుని తేరిపార చూశాడు. "బరువుగా ఉంది, ఓ చెయ్యి వేయండి" అన్నాను. గిన్నె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నవ్వలేక చచ్చాను. ఆయనా నవ్వాడు. ఈ వంటింట్లో అందరం కలిసి నవ్వడం ఇదే మొదలు.

ఇట్లు,
మీ టీచరు పిన్ని

తా.క. ఉత్తరం రాసుకోవాలని, "కాస్త పాలు చూస్తూ ఉండండి" అని చెప్పి వచ్చాను. ఇప్పుడే మాడు వాసనొస్తే పరిగెత్తాను. పొంగి, పొయ్యంతా పారి, గిన్నె నల్లగా మాడినా రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాడమ్మా! ఎంత బుద్ధిమంతుడో!