ఓబులమ్మ గొంతు

కడప, ఆదివారం

ఆ గొంతు నొక్కింది నువ్వే, మాస్టారూ. ఇంకెవరి మీదా నెట్టకు అని నాకు నేనే రాసుకుంటున్నా.

మంగంపేట గనిలో భర్తను పోగొట్టుకున్న ఓబులమ్మ తన గోడు చెబితే, యూనివర్సిటీలో నా దగ్గర జర్నలిజం చదివిన పిల్లలు వీడియో తీసి, ఈరోజు గని బాధితుల సభలో వేశారు. తెర మీద పెదవులు ఆమెవి. వినిపించింది ఎవరో యాంకర్ నున్నటి తెలుగు. ముందు వరుసలో ఉన్న ఓబులమ్మ నావైపు తిరిగింది.

"ఏం సారూ, ఏడ్చింది నేను గదా! మాట్లాడతాండే ఆయమ్మ ఎవురు?"

వీడియో తీసిన సునీతను నిలదీశాను. "మైకు ముందు మన యాస పనికిరాదని నన్ను క్లాసులో నిలబెట్టింది మీరే గదా సార్" అంది.

యాస హక్కు మీద ఇన్ని వ్యాసాలు రాసినవాణ్ణి. ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను.

నాకూ, నా పిల్లలకూ నా డిమాండ్లు:
ఆమె గొంతు ఆమెకు తిరిగి పెట్టాలి.
అంతవరకు ఆ వీడియో ఎక్కడా వేయకూడదు.
మంగంపేట వెళ్లి క్షమాపణ అడగాలి. ముందు నేను.