మంచినీళ్ల సీసా

అక్కా,

కాళ్ల వాపు తగ్గిందా? లోపల చంటిది తన్నుతోందా? నా గోడు వినడానికి నువ్వు తప్ప ఎవరున్నారు, అందుకే రాస్తున్నా. బాగా అలసిపోయానే.

నా పని తెలుసుగా, సీసాల్లో నాచు పెంచడం. బల్బుల ఫ్యాక్టరీ పాదరసం చెరువులో కలుస్తోందో లేదో ఆ నాచే చెప్తుంది. పాదరసం తగిలితే పచ్చదనం పోయి, పాలిపోయి, అడుగున ముద్దలా కూర్చుంటుంది. నీటిమొక్కలకీ అంతే, ముందు వేళ్లు, తర్వాత ఆకులు. పోల్చి చూడ్డానికి పక్కన మంచినీళ్ల సీసా ఒకటి ఉండాలి. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలని మా ల్యాబ్ మేడమ్ అంటే, "మా అక్కవాళ్ల బావి ఉండగా వెతుకులాటెందుకండీ" అని గొప్పలు పోయాను. అప్పట్నుంచీ బావ తన వ్యాన్‌లో డబ్బా తెచ్చిస్తున్నాడు.

ఆ సీసానే నా ప్రాణం తోడేస్తోంది. చెరువు సీసాతో పాటు అదీ పాలిపోతోంది. నేను సీసాలు సరిగ్గా కడగడం లేదని అందరూ తేల్చేశారు. "నీ చెయ్యి మంచిది కాదేమోనమ్మా" అన్నారు మేడమ్, నవ్వుతూనే. చేతులు పుండ్లు పడేలా తోమాను. ఇక నా వల్ల కాదు. సోమవారం ఉద్యోగం మానేసి నీ దగ్గరికి వచ్చేస్తా. పురుడయ్యేదాకా నీకు వండి పెడుతూ పడుంటా.

నీళ్లు మాత్రం బాగా తాగు. ఈ నెలల్లో తగ్గించకూడదు.

నీ పొట్టిది

* * *

అక్కా,

ఇది చదవగానే బిందె పారబొయ్యి. మిగతాది తర్వాత చదువు.

మానేసే ముందు ఆఖరుసారి చూద్దామని, మేడమ్ వాళ్లింటి బావి నీళ్లు ఒక సీసాలో, మీ బావి నీళ్లు ఒక సీసాలో పోశాను. అదే చెయ్యి, అదే గాజు, అదే నాచు. వాళ్లది పచ్చగా ఉంది. మీది పాలిపోయింది. మిషన్‌లో పెట్టి చూశాం. పాదరసమే. ఫ్యాక్టరీవాళ్లు పగిలిన బల్బులు పూడ్చిన పాత గొయ్యి మీ పెరటి వెనకే ఉందట. మేము ఇన్నాళ్లూ చెరువునే చూస్తూ కూర్చున్నాం.

"నీ తప్పేం లేదమ్మా" అన్నారు మేడమ్. నా తప్పయినా బాగుండేది కదే. మురికి చేతుల దానినని తిట్లు తింటూ బతికేసేదాన్ని.

బావకి చెప్పాను. "అది మా తాత తవ్వించిన బావి" అన్నాడు. తర్వాత, "కాచి తాగితే పోదా?" అని అడిగాడు. పోదక్కా. వడకట్టినా పోదు. వంటకీ వాడకు. కడుపులో బిడ్డకి ఎంత చేరిందో తెలీదు. నాకు చాలా భయంగా ఉంది, దాచుకోలేను. రేపే రక్తపరీక్షకి మేడమ్ తనకు తెలిసిన డాక్టరమ్మతో మాట్లాడారు.

ఈ ఉత్తరం బావ చేతికే ఇస్తున్నా. ఇదే వ్యాన్‌లో బయల్దేరి వచ్చెయ్. ఉద్యోగం మానను. నీకు వండి పెట్టడానికి నేను రానక్కర్లేదు, నువ్వే నా గదికి రా. ఇక్కడి కుళాయి నీళ్లు సీసాలో పోసి కిటికీలో పెట్టాను. నాచు ఇంకా పచ్చగానే ఉంది, రోజూ లేవగానే అదే చూస్తున్నా.

పోయిన ఉత్తరం చివర నీళ్లు బాగా తాగమని రాశాను. ఆ ముక్క కొట్టెయ్యి.

నీ పొట్టిది